తోకకు దూది పట్టిన గోల్డ్ ఫిష్: ఉప్పు చాలా, నీలి మందు పడాల్సిందేనా?

విల్లివాక్కం_కొత్తవాడు
మాది చెన్నై. 40 లీటర్ల ట్యాంకులో రెండు ఒరండా రకం గోల్డ్ ఫిష్‌లున్నాయి, కొళత్తూరులో కొన్నవే. పెద్దదాని తోక చివర కాస్త చిరిగింది. ఆదివారం అక్కడ ఆవగింజంత తెల్ల దూది కనిపించింది, ఇవాళ్టికి శనగగింజంత అయింది. తిండి మాత్రం తింటోంది. షాపతను మిథిలీన్ బ్లూ సీసా చేతిలో పెట్టి ట్యాంకులో పోసేయమన్నాడు. మా అత్తగారేమో చిటికెడు పసుపు చాలంటున్నారు. టెన్షన్‌గా ఉంది, ఎవరి మాట వినాలి?

కల్లుప్పు_పార్టీ
సీసా మూత తీయకండి. లీటరుకు 2 గ్రాముల కల్లుప్పు, అంటే మీకు 80 గ్రాములు. ఒక్కసారే కుమ్మరించొద్దు, మగ్గులో కరిగించి రోజంతా మూడు నాలుగు విడతల్లో పోయండి. మొక్కలుంటే ముందే తీసేయండి. పదేళ్ళుగా మా ఇంట్లో ఇదే మందు.

నీలిచేతులు
పదేళ్ళ అనుభవం సరే, దూది రోజురోజుకూ పెరుగుతోంది కదండీ! సాప్రోలెగ్నియా, అంటే ఆ దూది లాంటి బూజు, కండలోకి దిగితే ఆ కాస్త ఉప్పు ఏం చేస్తుంది? నా ఓటు మిథిలీన్ బ్లూకే. కాకపోతే ట్యాంకులో పోయమన్నవాడికి ఓ దండం. చేపల వ్యర్థం నుంచి పుట్టే అమ్మోనియాను తినే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో ఉంటుంది, అది చచ్చిపోతుంది, అద్దాల మూలల్లో సిలికాన్ జన్మలో మళ్ళీ తెల్లబడదు. చేపను విడిగా టబ్బులో వేసి, గాలి గొట్టం పెట్టి, సీసా మీది మోతాదే వేయండి. గ్లౌజులు మరవొద్దు. నా గోళ్ళు వారం నీలంగా ఉంటే ఆఫీసులో అందరికీ కథ చెప్పాల్సి వచ్చింది.

కల్లుప్పు_పార్టీ
టబ్బులో ఫిల్టర్ ఉండదు, రోజూ నీళ్ళు మార్చాలి. అసలే చిరిగిన తోక, దాన్ని వలతో తరమడం కూడానా?

గోదారోడు
మాది భీమవరం వైపు, ఉద్యోగం ఇక్కడ. చెరువులో చేపలకు పుండ్లు పడితే సున్నంలో పసుపు కలిపి చల్లడం చిన్నప్పుడు చూశాను. కాబట్టి అత్తగారిది ఉత్తి మాటేం కాదు. కానీ ఎకరాల చెరువు వేరు, మీ ట్యాంకు వేరు. పసుపు కరగదు, అడుగున పేరుకుంటుంది. నేనైతే వేయను. ఆవిడకు మీరే నచ్చజెప్పుకోవాలి.

పాత_ట్యాంకు
మందు సంగతి తర్వాత, ముందు అది బూజేనా? బూజైతే నీళ్ళలో పోగులు విడివిడిగా ఊగుతాయి, పైకి తీస్తే అతుక్కుపోతాయి. అలా కాకుండా మూతి చుట్టూ, వీపు మీద పసుపు బూడిద రంగులో పలచగా పరుచుకుంటే అది కాలమ్నారిస్ కావచ్చు. అది బ్యాక్టీరియా, ఎండాకాలం నీళ్ళు వేడెక్కేకొద్దీ రెచ్చిపోతుంది. దానికి నీలి మందును నమ్ముకుంటే చేప చేజారుతుంది, పశువైద్యుడికి చూపించాలి. ఇంకోటి, బూజు ఊరికే పట్టదు. గాయం ఉండాలి, లేదా నీళ్ళు చెడి ఉండాలి. గత వారం ట్యాంకును ఏం చేశారు?

విల్లివాక్కం_కొత్తవాడు
పోగులే, జుట్టులా ఊగుతున్నాయి. గత వారం... ఫిల్టర్ స్పాంజి మురికిగా ఉందని పంపు కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా పిండాను.

పాత_ట్యాంకు
మెట్రో వాటరా, అంటే చెన్నై కుళాయి నీళ్ళా? అందులో క్లోరిన్ ఉంటుంది, స్పాంజిలోని ఆ మంచి బ్యాక్టీరియాను చంపేస్తుంది. నీలి మందు చేసే నష్టం మీరు ముందే చేసేశారు. అమ్మోనియా టెస్ట్ చేయండి, రోజూ పావు వంతు నీళ్ళు మార్చండి. కొత్త నీళ్ళలో క్లోరిన్ విరుగుడు చుక్కలు వేయాలి. తీసిన నీళ్ళకు సరిపడా ఉప్పే మళ్ళీ కలపండి, మొత్తం 80 గ్రాములు కాదు.

నీలిచేతులు
కారణం తెలిసినంత మాత్రాన పట్టిన దూది రాలిపోదు.

విల్లివాక్కం_కొత్తవాడు
ఆరో రోజు. అమ్మోనియా నిజంగానే ఎక్కువుంది. ఉప్పు వేశాను, రోజూ నీళ్ళు మార్చాను. నిన్న రాత్రి దూది ఊడిపోయింది. తోక అంచు కొద్దిగా కొరికినట్టుంది, అంతే. సీసా అలాగే ఉంది.

నీలిచేతులు
సంతోషం. కానీ తగ్గించింది ఉప్పా, మంచి నీళ్ళా? రెండూ ఒకేసారి చేశారుగా.

కల్లుప్పు_పార్టీ
అదే సీసా పోసుంటే ఈ ప్రశ్న అడిగేవారా?