“కలఁడో లేఁడో”: మీ ఇంట్లో ఈ పాదం చదివేవారా?

గోదారిగట్టు:
మా అమ్మ సంధ్యదీపం పెట్టి పోతన భాగవతంలోని గజేంద్రమోక్షం పద్యాలు చదివేది. “కలఁ డందురు దీనుల యెడఁ / గలఁ డందురు పరమయోగి గణముల పాలం / గలఁ డందు రన్ని దిశలను” దాకా వచ్చి ఆగేది. వత్తి ఎగదోసి నేరుగా “లా వొక్కింతయు లేదు” అందుకునేది. నాలుగో పాదం ఏదమ్మా అంటే “దీపం ముందు అనకూడదు” అనేది. అది “గలఁడు కలం డనెడివాఁడు కలఁడో లేఁడో” అని బళ్లోనే తెలిసింది నాకు. మొన్న మా పెద్దాడు “దేవుడున్నాడా అని నీకెప్పుడైనా డౌటు వచ్చిందా నాన్నా?” అన్నాడు. అమ్మ ఆగిన చోటే నేనూ ఆగాను. మీ ఇళ్లలో కూడా ఆ పాదం వదిలేసేవారా?

ఛందోపిచ్చి:
వదిలేస్తే కందం కుంటిదైపోదా! కిటుకంతా చివరి ఓకారంలో ఉందండీ. “కలఁడే లేఁడే” అన్నా గణాలు చెడవు. సగణం, గగం అలాగే ఉంటాయి, యతికీ ఢోకా లేదు. అంటే పోతన చేత ‘ఓ’ అనిపించింది ఛందస్సు కాదు, కావాలనే అన్నాడు. వెంటనే వచ్చే సీసం చూడండి: కలుగఁడే, రాఁడె, చూడఁడే, ఆలింపఁడే. అన్నీ ఏకారాలు. “ఉన్నాడో లేడో” అన్నవాడు పద్యం మారేసరికి “రాడా మరి!” అంటున్నాడు.

పాలమూరు:
ఏకారం ఉత్త ప్రశ్నకీ వస్తుంది, దాన్ని పట్టుకుని నమ్మకం అనేయకండి. ఏడుస్తూ కూడా “చూడఁడే” అనొచ్చు. మీరు దాటేసిన మాట ‘పాలన్’. చిన్నప్పుడు నేను “పాలలో ఉన్నాడు” అనుకునేవాణ్ణి. విష్ణువు ఉండేది పాలకడలిలోనే కదా, తేడా ఏమీ అనిపించలేదు. తర్వాత తెలిసింది, ఇది వాటా అనే పాలు. అన్నదమ్ముల పాళ్లు, పాలివాళ్లు అంటామే, అదీ. సీసం మొదలే “కలుగఁడే నాపాలిఁ గలిమి సందేహింప”. అదే మాట మళ్లీ. దేవుడున్నాడా లేడా అన్న గొడవ ఏనుగుకి లేదు. యోగుల వాటాకి వచ్చినవాడు నా వాటాకి వస్తాడా అన్నదే దాని బాధ.

ఛందోపిచ్చి:
వాటా థియరీ బాగానే ఉంది. కానీ “కలఁడో లేఁడో” పాదంలో ‘నాపాలి’ లేదే! కింది పద్యం నుంచి లాక్కొచ్చి అతికిస్తున్నారు.

పాలమూరు:
అతికించింది పోతన. పక్కపక్కనే పెట్టాడు.

పాతబడి:
మూలం ఎవరూ తీయరా? ఎనిమిదో స్కంధం మూడో అధ్యాయంలో వ్యాసుడి గజేంద్రుడు స్తుతి మొదలుపెడితే చివరిదాకా తొణకడు. ఈ అనుమానం పోతన సొంతం. పైగా ఎక్కడ పెట్టాడో చూడండి. “ఎవ్వనిచే జనించు” అంటూ శరణు వేడేశాడు, పెంజీకటి కవ్వల వెలిగేవాణ్ణి సేవిస్తానన్నాడు. అవన్నీ అయ్యాక అడిగాడు, ఉన్నాడో లేడో అని. కాలు మొసలి నోట్లో ఉంది, పిలిచినవాడు రాలేదు, మరి అడగడా? ఏడో స్కంధంలో ప్రహ్లాదుడి చేత “సందేహము వలదు” అనిపించిందీ ఈ చెయ్యే. అదీ కందమే, చూసుకోండి.

గుడిమెట్లు:
మాస్టారూ, భక్తుడు దేవుణ్ణి తిట్టొచ్చు. గోపన్న గోల్కొండ చెరలో రాముణ్ణి ఎవడబ్బ సొమ్మని నిలదీశాడు. కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళాంధ్రదేవుణ్ణి శతకం పొడుగునా దెప్పాడు. అదంతా చనువు. అసలున్నావా అనడం వేరు. పిల్లాడికి ఆ తేడా చెప్పాలి.

పాతబడి:
ఉన్నాడని ఖాయం చేసుకుని తిట్టడం సులువు నాయనా.

గుడిమెట్లు:
బమ్మెరలో పుట్టినాయనకి ఆమాత్రం తెలియదంటారా?

కడపగడప:
బమ్మెరా? ఒంటిమిట్ట అనండి!

ఛందోపిచ్చి:
మొదలైంది. దండం పెడతా, పోతనది ఏ ఊరన్న తగువు ఇక్కడొద్దు.

గోదారిగట్టు:
నేనడిగింది ఎవరూ చెప్పలేదు, పోనీండి. రాత్రి మావాడికి నాలుగు పాదాలూ చదివి వినిపించాను. వాడు ‘ఓ’ పట్టించుకోలేదు, ‘పాలన్’ అసలే పట్టించుకోలేదు. “మూడుసార్లు అందురు, అందురు అన్నాడు కదా, అన్నది ఎవరు? వాళ్లు చూశారా?” అన్నాడు.

ఛందోపిచ్చి:
‘అందురు’కి వేరే పోస్టు పెట్టండి. ఇక్కడ ‘ఓ’ ఇంకా తేలలేదు.