ఆయనకి తలసీమియా మైనర్, పైగా మాది మేనరికం: 25 శాతం లెక్క మాకూ వర్తిస్తుందా?

కేఆర్‌పురం కోడలు
మా ఆయన నాకు సొంత మేనమామ కొడుకే. బెంగళూరులోనే టెస్టు చేయించారు: ఎంసీవీ (ఎర్రకణం సైజు) 66, ఆర్‌బీసీ (ఎర్రకణాల సంఖ్య) 5.8 మిలియన్లు, హెచ్‌బీఏ2 (హిమోగ్లోబిన్‌లో ఒక రకం) 5.3 శాతం. బీటా తలసీమియా మైనర్, అంటే రెండు బీటా జీన్లలో ఒకటి దెబ్బతిన్న క్యారియర్ అన్నారు. నాకింకా చేయించలేదు. హిమోగ్లోబిన్ 10.2, ఐరన్ మాత్రలు వేసుకుంటున్నాను. పిల్లలకి మేజర్ (రెండు జీన్లూ దెబ్బతిన్న తీవ్రమైన రకం) వచ్చే అవకాశం 25 శాతం అంటారు, అంటే నలుగురిలో ఒకరికనా? మొదటి బిడ్డకి వస్తే తర్వాతి వాళ్లకి రాదా?

స్లైడు
ఇద్దరూ క్యారియర్లయితేనే 25. మీ బీటా జీన్లు రెండూ బాగుంటే పిల్లలకి మేజర్ రాదు, మైనర్ వచ్చే అవకాశం మాత్రం సగం.

మీరు హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే టెస్టు), దాంతోపాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే టెస్టు) చేయించండి. ఐరన్ బాగా తగ్గితే ఏ2 కూడా దిగిపోయి క్యారియర్ నార్మల్‌లా కనిపించొచ్చు. ఏ2 3.5 శాతం దాటితే మామూలుగా క్యారియరే. దానికి కాస్త అటూ ఇటూగా వస్తే ఐరన్ సరిచేసుకుని మళ్లీ చేయించాలి. ఏ2 దగ్గర 30 శాతం చూపిస్తే అది ఏ2 కాదు, హెచ్‌బీఈ అనే మరో లోపమున్న హిమోగ్లోబిన్. ఆయన జీన్‌తో కలిస్తే అదీ ప్రమాదమే. ఆయనకి మాత్రం ఫెరిటిన్ చూడకుండా ఐరన్ మాత్రలు వద్దు.

బఠాణీ
ప్రతి కాన్పుకీ లెక్క మళ్లీ మొదటికే. వంశపారంపర్య లెక్కల్ని బఠాణీ మొక్కలతో తేల్చిన మెండెల్‌కి గింజల్లో 5,474 గుండ్రనివి, 1,850 ముడతవి వచ్చాయి, దాదాపు 3:1. అదే ఒక్క మొక్క దగ్గర చూస్తే 43 గుండ్రనివి, 2 ముడతవి! ఇద్దరు పిల్లల ఇంట్లో నిష్పత్తి వెతకడం దండగ.

ఇక మేనరికం. ఆ జీన్ ఆయనకి మీ మేనమామ నుంచి రావడానికి సగం, అది మీ అమ్మగారిలోనూ ఉండటానికి సగం, మీకు దిగడానికి సగం. అంటే 8కి 1. మేనమామనే చేసుకుని ఉంటే 4కి 1 అయ్యేది. మీ మేనమామకీ టెస్టు చేయిస్తే మంచిది. ఆయనకి లేకపోతే జీన్ అత్తగారి వైపుది, మేనరికం వల్ల అదనపు భయం లేనట్టే.

కేఆర్‌పురం కోడలు
అత్తయ్య కూడా మా అమ్మకి మేనమామ కూతురే అండీ.

బఠాణీ
అయితే అత్తగారి వైపుదైనా ఆ జీన్ మీ అమ్మగారి ద్వారా మీకు వచ్చి ఉండొచ్చు, ఆ దారి మూసుకుపోయింది, మన ఇళ్లల్లో మామూలే. మీ టెస్టే తేల్చాలి.

స్లైడు
మీకూ ఉందని తేలితే గర్భం రాకముందే ఇద్దరి మ్యూటేషన్లూ డీఎన్ఏ టెస్టులో పట్టుకోండి. 11–13 వారాల్లో సీవీఎస్ (మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డ జీన్లు చూసే టెస్టు) చేసేటప్పుడు ఏం వెతకాలో ల్యాబ్‌కి ముందే తెలిసుండాలి. అప్పుడు మొదలుపెడితే వారాలు చేజారిపోతాయి.