చిన్న చిన్న మరమ్మతులకు మనిషి దొరకడం లేదు, ఎవరిని పిలవాలి?

ప్రశ్న:

అమ్మానాన్న రాజమహేంద్రవరంలో సొంత ఇంట్లో ఉంటున్నారు. నేను బెంగళూరులో ఉద్యోగం. ఇల్లు కట్టి పాతికేళ్లు దాటింది, మరమ్మతులు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. వంటింటి కుళాయి ఎంత బిగించినా చుక్కలు పడుతూనే ఉంటుంది. ఫ్లష్ ట్యాంకులో నీళ్లు రాత్రంతా పారుతున్న చప్పుడు. హాల్లో ఫ్యాను అయిదులో పెట్టినా రెండులో తిరిగినట్టు తిరుగుతోంది. స్నానాల గది తలుపు వానలకు ఉబ్బి గడపకు రాసుకుంటోంది. గీజరు వేసి ఉన్నప్పుడు కుళాయి ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోందని అమ్మ చెప్పింది.

ఎవరికి ఫోన్ చేసినా "ఇంత చిన్న పనికా అండీ" అంటారు, లేదా రేపు వస్తామని చెప్పి రారు. ఇవన్నీ చేసే మనిషి ఒక్కడే దొరుకుతాడా? కూలి ఎలా మాట్లాడుకోవాలి? నాన్నకు బేరాలాడే ఓపిక లేదు.

సమాధానం, హార్డ్‌వేర్ కొట్టు నడిపే సభ్యుడు:

మిగతావన్నీ తరవాత చూద్దాం. ఇది చదవగానే అమ్మగారికి ఫోన్ చేసి గీజరు కట్టేయమనండి. గోడ మీది స్విచ్చి ఒక్కటే చాలదు, బోర్డులో దాని ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే తనంతట తాను పడిపోయే స్విచ్చి) కూడా దించేయమనండి. ఎలక్ట్రీషియన్ చూసేదాకా వేన్నీళ్లు పొయ్యి మీదే కాచుకోవాలి. కుళాయి జిల్లుమంటోందంటే, లోపల నీళ్లు కాచే ఎలిమెంటు పైతొడుగు చిల్లిపడి కరెంటు నీళ్లలోకి వస్తుండవచ్చు, దానికితోడు ఎర్తు తీగ ఎక్కడో తెగి ఉండవచ్చు. రెండూ కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. దీన్ని చిన్న మరమ్మతుల జాబితాలో చేర్చకండి.

అన్ని పనులూ చేస్తానని వచ్చే మనిషి దొరుకుతాడు. కుళాయి, ఫ్లష్, తలుపు గడియ, గోడకు మేకులు, కర్టెన్ కడ్డీ వరకు అతనికి నిశ్చింతగా ఇవ్వండి. గీజరు, మెయిన్ బోర్డు, ఎర్తింగు మాత్రం ఆ పనే వృత్తిగా ఉన్నవాడికే ఇవ్వాలి. ఇందులో నేను రాజీపడను. గీజరు వేయగానే ఎంసీబీ పడిపోతోందని అంతకంటే పెద్ద ఎంసీబీ పెట్టేవాళ్లను, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే పెట్టె) ఊరికే ట్రిప్ అవుతోందని దాన్ని తప్పించి తీగలు కలిపేసేవాళ్లను చాలామందిని చూశాను. ఇంటివారు సంతోషంగా డబ్బులిచ్చి పంపుతారు. నిజానికి ఆ పెట్టె తన పని తాను చేసింది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మనిషిని కాపాడటానికి ఉంది. పాతికేళ్ల నాటి ఇల్లు కాబట్టి మీ ఇంట్లో అది ఉందో లేదో మొదట అడగండి. లేకపోతే ఈ సందర్భంలోనే పెట్టించండి.

ఇక మనిషిని ఎక్కడ పట్టుకోవాలంటారా? ఇంటికి దగ్గరలో ఉన్న పాత హార్డ్‌వేర్ కొట్టుకో, ఎలక్ట్రికల్ కొట్టుకో నాన్నగారిని ఉదయం పూట ఒకసారి వెళ్లమనండి. మా గల్లాపెట్టె ముందు రోజూ నిలబడే మేస్త్రీలు ఉంటారు. ఎవడి పని నిలుస్తుందో, ఎవడు తెచ్చిన సామాను వెనక్కి వస్తుందో మాకు తెలుస్తుంది. చెడ్డవాణ్ణి పంపితే ఆ చెడ్డపేరు కొట్టుకే కాబట్టి చూసి పంపుతాం. కొందరు కొట్లవాళ్లు మేస్త్రీలకు సామాను మీద కమీషన్ ఇస్తారు, అదీ దాచను. అందుకే కూలి, సామాను వేరువేరుగా మాట్లాడుకోండి. సామాను బిల్లు కొట్టు పేరు మీద ఉండాలి, డబ్బు మీరే బెంగళూరు నుంచి నేరుగా కొట్టుకు ఫోనులో పంపండి. కూలి దగ్గర వంద రూపాయలకు గీచిగీచి బేరమాడి, సామాను దగ్గర వెయ్యి పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

సమాధానం, ప్లంబరు పని చేసే సభ్యుడు:

చిన్న పనికి ఎందుకు రామో నేను చెబుతాను. కుళాయి వాషరు మార్చడం పది నిమిషాల పనే. కానీ మీ ఇంటికి రావాలి, విప్పి చూడాలి, కొట్టుకు వెళ్లాలి, అక్కడ ఆ కొలత లేకపోతే ఇంకో కొట్టుకు వెళ్లాలి. ఒక పూట అందులోనే పోతుంది. ఇంటివారేమో పది నిమిషాలకే లెక్క కడతారు. ఒక్కొక్కటిగా పిలవకుండా నాలుగు పనులు పోగేసి "ఒక పూట పని ఉంది, పూట కూలి ఇస్తాం" అనండి. ఎవరైనా వస్తారు.

ఫోన్లో చెప్పేటప్పుడు "కుళాయి కారుతోంది" అనడం చాలదండీ. పిడి చాలాసార్లు తిప్పితే కట్టుకునే పాత రకమా, పావు చుట్టు తిప్పితే ఆగిపోయే రకమా? మొదటిదైతే లోపల రబ్బరు వాషరు, రెండోదైతే స్పిండిల్ (పిడి కింద తిరిగే లోపలి భాగం) మార్చాలి. స్పిండిల్ కంపెనీ కంపెనీకీ వేరుగా ఉంటుంది కాబట్టి కుళాయి మీద అచ్చువేసిన పేరు చూసి చెప్పండి. ఫ్లష్ ట్యాంకు విషయంలో మూత తీసి ఫోటో పంపండి. నీళ్లు పైగొట్టంలోంచి పొర్లి పోతున్నాయా, అడుగున వాషరు దగ్గర నుంచి జారిపోతున్నాయా తెలియకపోతే, ట్యాంకులో కాస్త సిరా కలపండి. ఫ్లష్ వేయకుండా పావుగంట ఆగి చూడండి. నీటిమట్టం పైగొట్టం అంచుకు కిందే ఉండి, కింద తొట్టిలో రంగు కనబడితే అడుగు వాషరు పోయినట్టు. నీటిమట్టం గొట్టం అంచు దాటుతుంటే నీళ్లు నింపే వాల్వు పోయినట్టు. ఈ రెండు ముక్కలు ముందే తెలిస్తే సామాను జేబులో వేసుకునే వస్తాం.

ఇంకో ముఖ్యమైన మాట. పాతికేళ్ల ఇల్లంటున్నారు, గోడలో జీఐ పైపులే (జింకు పూత వేసిన ఇనుపవి) ఉండి ఉంటాయి. వాషరు మార్చడానికి కుళాయిని గోడ నుంచి విప్పక్కర్లేదు. కానీ కుళాయే మార్చాల్సి వస్తే, తుప్పుపట్టిన మర లోపలే విరిగి ఉండిపోవచ్చు. అప్పుడు టైలు పగలగొట్టాలి. మేము విరగ్గొట్టామని గొడవ అక్కడే మొదలవుతుంది. మంచి మేస్త్రి చెయ్యి వేయకముందే "ఇది విరగవచ్చు, విరిగితే ఇంత అవుతుంది" అని చెబుతాడు. చెప్పకపోతే మీరే అడగండి. ఇలాంటి పని ఆదివారం సాయంత్రం మొదలుపెట్టించకండి. కొట్లు మూసి ఉంటే ఆ రాత్రి ఇంట్లో నీళ్లు ఉండవు. వారం మధ్యలో ఉదయం తొమ్మిదింటికి, బిందెలు బకెట్లు నింపుకున్నాక మొదలుపెట్టించండి. మేడ మీది నీళ్ల ట్యాంకు కింద ఉన్న వాల్వు తిరుగుతోందో లేదో ముందురోజే చూసుకోండి. చాలా ఇళ్లలో అది బిగుసుకుపోయి ఉంటుంది. తీరా పని మొదలయ్యాక బలవంతంగా తిప్పితే అదీ విరుగుతుంది.

హైదరాబాద్ సభ్యురాలు:

నేను ఒంటరిగా ఉంటాను, ఎక్కువగా ఫోను యాప్‌లోనే పిలుస్తాను. ధరల పట్టిక ముందే కనబడుతుంది, బిల్లు వస్తుంది, మళ్లీ పాడైతే ఎవరిని అడగాలో తెలుస్తుంది. కూలి మాత్రం బయటికంటే ఎక్కువే. వచ్చాక "ఇదీ పోయింది, అదీ పోయింది" అని పెంచుతారు. తీసిన పాత భాగాన్ని నా చేతికి ఇవ్వమంటాను, ఆ ఒక్క మాటతో సగం తగ్గుతుంది. బిల్లుతో తగువు వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. కొట్టు ద్వారా వచ్చిన మేస్త్రితో తగువు వస్తే ఆ కొట్టాయనే పెద్దమనిషి.

గీజరు కంపెనీ సర్వీసు నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతకమని అమ్మగారికి చెప్పకండి. పైన కనిపించే నంబర్లలో దొంగవి ఉంటాయి. పది రూపాయలు పంపి నమోదు చేసుకోమంటారు, ఆ తరవాత ఖాతా ఖాళీ. వారంటీ కార్డు మీదో, గీజరుకు అంటించిన చీటీ మీదో ఉన్న నంబరే వాడాలి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. అలా అడిగినవాడు ఎవడైనా దొంగే. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి.

అద్దెకుండే సభ్యుడు:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. అద్దె ఇంట్లో ఇలాంటి ఖర్చులు ఎవరివి? మా ఇంటాయన ఫ్యూజు కూడా నన్నే వేయించుకోమంటాడు.

హైదరాబాద్ సభ్యురాలు:

ఒప్పంద పత్రంలో ఏం రాసుకున్నారో ముందు అది చూడండి. అందులో లేకపోతే, కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఒక పట్టిక ఉంది. కుళాయిలు, వాటి వాషర్లు, వాష్‌బేసిన్, గీజరు, స్విచ్చులు, సాకెట్లు, తలుపు తాళాల మరమ్మతు అద్దెకున్నవారిది. గోడల సున్నం, పైపులు మార్చడం, ఇంటి వైరింగు యజమానివి. అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేస్తేనే అమలవుతుంది. మాట్లాడుకోవడానికి మాత్రం పనికొస్తుంది. దాని ప్రకారం చూస్తే ఫ్యూజు విషయంలో మీ ఇంటాయన మాట పూర్తిగా తప్పేమీ కాదు. వైరింగు పాడై ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే ఆ ఖర్చు ఆయనదే.

ప్రశ్న అడిగిన సభ్యుడు:

అందరికీ ధన్యవాదాలు. గీజరు కట్టేయించాను, ఎంసీబీ కూడా దించారు. ఫ్లష్ ట్యాంకులో నాన్న సిరా కలిపి చూశారు, తొట్టిలో రంగు కనబడింది. కుళాయి పాత రకమే. ఫ్యాను గురించి ఎవరూ చెప్పలేదు. కొత్తది కొనేయమంటున్నాడు మా బావ.

హార్డ్‌వేర్ కొట్టు నడిపే సభ్యుడు:

కొత్తది అప్పుడే వద్దు. చప్పుడు లేకుండా నెమ్మదిగా తిరుగుతుంటే ఎక్కువసార్లు కండెన్సరు (మోటారుకు ఊపునిచ్చే చిన్న భాగం, కెపాసిటర్ అనీ అంటారు) పోయి ఉంటుంది, వంద రూపాయల లోపు వస్తువు. గరగర శబ్దం ఉంటే బేరింగులు. పాత కండెన్సరు మీద రాసిన అంకె ఎంతో అంతే వేయించాలి, సాధారణంగా 2.5 మైక్రోఫారడ్ ఉంటుంది. వేగంగా తిరుగుతుందని కొందరు అంతకంటే పెద్దది వేస్తారు. నాలుగు రోజులు బాగానే తిరిగి వైండింగు (మోటారు లోపలి తీగచుట్ట) వేడెక్కిపోతుంది. ఇది నాన్నగారు స్టూలెక్కి విప్పే పని కాదు. స్విచ్చి కట్టేశాక కూడా కండెన్సరులో కరెంటు నిలిచి ఉండవచ్చు. గీజరు చూడటానికి వచ్చే ఎలక్ట్రీషియనే ఇదీ చేస్తాడు. మంచి నిచ్చెన ఒకటి ఇంట్లో ఉందో లేదో కనుక్కోండి. బల్ల మీద కుర్చీ, కుర్చీ మీద స్టూలు వేసి పనివాణ్ణి ఎక్కించే ఇళ్లు నాకు నచ్చవు. అతను పడితే ఆ కుటుంబం పడుతుంది.

గీజరు దగ్గర ఇంకో మాట. నీళ్లు వేడెక్కేటప్పుడు దాని సేఫ్టీ వాల్వు నుంచి చుక్క చుక్క పడితే అది జబ్బు కాదు, లోపలి ఒత్తిడి తగ్గించుకుంటోంది. కారుతోందని దానికి ఎవరూ బిరడా బిగించకుండా చూసుకోండి.

ప్రశ్న అడిగిన సభ్యుడు:

అయితే ఇలా అనుకుంటున్నాను. ప్లంబరుకు ఒక పూట: కుళాయి, ఫ్లష్. ఎలక్ట్రీషియన్‌కు ఇంకో పూట: గీజరు, ఎర్తు, ఆర్‌సీసీబీ, ఫ్యాను. వడ్రంగికి తలుపు. ముగ్గురినీ ఒకే రోజు పిలిచేస్తే?

ప్లంబరు పని చేసే సభ్యుడు:

వద్దండీ. మేము నీళ్లు కట్టేస్తాం, వాళ్లు కరెంటు కట్టేస్తారు, ఒకరి కోసం ఒకరు కూర్చుంటాం, మీరు ముగ్గురికీ కూలి ఇస్తారు. ముందు ఎలక్ట్రీషియన్, మర్నాడు ప్లంబరు. గీజరు దించాల్సి వస్తే ఆ పైపుల పనీ మర్నాడే కలిసిపోతుంది. డబ్బు పని చూసుకున్నాక ఇవ్వండి. ఫ్లష్ పది నిమిషాలు చప్పుడు లేకుండా ఉండాలి, కుళాయి కట్టాక కింద పొడిగుడ్డ పెట్టి చూడాలి. మధ్యాహ్నం దాటితే అన్నం మాట ఎత్తక్కర్లేదు కానీ, మంచినీళ్లు, టీ అడగకుండా ఇచ్చే ఇంటికి మళ్లీ పిలిస్తే వెంటనే వెళ్తాం.

హార్డ్‌వేర్ కొట్టు నడిపే సభ్యుడు:

తలుపును ఈ జాబితాలోంచి తీసేయండి. ఇప్పుడు ఉబ్బి ఉన్నప్పుడు చిత్రిక పట్టిస్తే, ఎండలు రాగానే చెక్క కుంచించుకుపోయి కింద వేలు దూరేంత సందు మిగులుతుంది. వానలు తగ్గి తలుపు ఆరాక వడ్రంగిని పిలవండి. తలుపు దించి, అడుగు అంచుకు రంగు వేయించి, లోపలివైపు కింద అడుగు ఎత్తున అల్యూమినియం రేకు కొట్టించండి. అడుగు అంచుకు రంగు వేయకపోవడం వల్లే నీళ్లు పీల్చుకుంటోంది. తలుపు దించకుండా ఆ అంచుకు రంగు వేయడం కుదరదు కాబట్టి చాలామంది వదిలేస్తారు. అప్పటిదాకా గడపకు రాసుకునేచోట కొవ్వొత్తి రుద్దమనండి, తలుపు తేలిగ్గా పడుతుంది.