గిట్ క్లోన్ 99 శాతం దగ్గర ఆగింది: ఆపేయాలా, ఆగాలా?

బ్రాడీపేట_డెవ్:
గిట్‌లో 6 జీబీ రిపో (కోడూ, దాని మార్పుల చరిత్రా ఉండే నిల్వ) క్లోన్ చేస్తున్నా, అంటే మొత్తం నా మెషీన్‌లోకి దించుకుంటున్నా. ‘రిసీవింగ్ ఆబ్జెక్ట్స్’ 99 శాతం దగ్గర ఇరవై నిమిషాలుగా అలాగే ఉంది. కంట్రోల్ సీ కొట్టి ఆపేయనా? ఇదే స్క్రిప్టులోంచి నడిపి లాగ్‌లోకి మళ్ళిస్తే అసలేమీ పడట్లేదు. అదెందుకు?

కృష్ణలంక:
కొట్టొద్దండీ. క్లోన్ మధ్యలో ఆగితే ఆగినచోటి నుంచి అందుకోదు, దిగిందంతా చెరిపేసి మళ్ళీ సున్నా నుంచే. శాతం పక్కనున్న ఎంబీ అంకె చూడండి. శాతం వేసేది ఆబ్జెక్టుల (గిట్ దాచుకునే ఫైళ్ళు, కమిట్ల వంటి ముక్కలు) సంఖ్య మీద, సైజు మీద కాదు. మీ మిర్చి యార్డు భాషలో చెప్పాలంటే టిక్కీల (బస్తాల) లెక్కేగానీ తూకం కాదు. ఎప్పుడో ఎవరో 2 జీబీ వీడియో కమిట్ చేసి (రిపోలో చేర్చి) ఉంటే అదీ ఒక టిక్కీయే. అది దిగేదాకా శాతం కదలదు, ఎంబీ పెరుగుతూనే ఉంటుంది. ఎంబీ కూడా ఆగిపోతే అప్పుడు లైను చూసుకోండి.

యార్డు_గేటు:
దాని తర్వాత వచ్చే ‘రిజాల్వింగ్ డెల్టాస్’కి (తేడాలుగా దిగినవాటి నుంచి అసలు ఆబ్జెక్టుల్ని కట్టుకోవడం) నెట్‌తో పనిలేదు, ప్రాసెసర్, డిస్కు మీదే భారం. ఆ టైములో వైఫై పోయినా కంగారుపడి ఆపకండి. చివర్లో ‘అప్‌డేటింగ్ ఫైల్స్’ (ఫైళ్ళని ఫోల్డర్లో పరిచే దశ) ఈడుస్తుంటే, విండోస్ అయితే ముందు యాంటీవైరస్‌ని అనుమానించండి.

ఆటోనగర్_బిల్డ్:
స్క్రిప్టు సంగతి. గిట్ ప్రోగ్రెస్‌ని స్టాండర్డ్ ఎర్రర్‌లోకి (మామూలు అవుట్‌పుట్‌కి వేరుగా ఉండే దారి) రాస్తుంది, అదీ ఆ దారి టెర్మినల్‌కి (కమాండ్లు కొట్టే తెర) వెళ్తుంటేనే. ఫైల్లోకి మళ్ళిస్తే నోరు మూసుకుంటుంది. --ప్రోగ్రెస్ ఇవ్వండి, ‘2>’తో పట్టుకోండి. అప్పుడు లాగ్ అంతా ఒకే పొడవాటి లైనుగా కనిపిస్తుంది. ఎందుకంటే ప్రతిసారీ కొత్త లైను కాదు, క్యారేజ్ రిటర్న్ (లైను మొదటికి తిరిగెళ్ళే గుర్తు) వేసి అదే లైను మీద మళ్ళీ రాస్తుంది. ‘టీఆర్’ కమాండ్‌తో దాన్ని న్యూలైన్‌గా మార్చుకోవచ్చు. స్క్రిప్టు పైథాన్‌ది అయితే, గిట్‌ని నడిపే సబ్‌ప్రాసెస్‌ని టెక్స్ట్ మోడ్‌లో తెరిస్తే క్యారేజ్ రిటర్న్‌ని కూడా లైను చివరగానే తీసుకుంటుంది, విడిగా ఏం చెయ్యక్కర్లేదు.

సొంతంగా ప్రోగ్రెస్ బారు గీస్తున్నట్టయితే ఒక మాట: ప్రతి దశా 0 నుంచి 100కి విడిగా నడుస్తుంది. నాలుగు దశలుంటే తలా 25 ఇచ్చి కలిపితే బారు అబద్ధాలాడుతుంది. దశ పేరు రాసి కింద దాని శాతం వెయ్యడమే మేలు. మొదట ఆబ్జెక్టుల్ని ఏరే ‘ఎన్యూమరేటింగ్’కి మాత్రం శాతమే ఉండదు, మొత్తం ఎన్నో అప్పటికి తెలీదు కాబట్టి. ‘రిమోట్’ అని మొదలయ్యే లైన్లు సర్వర్ పంపేవి. చెకౌట్ (ఫైళ్ళని ఫోల్డర్లో పరచడం) లాంటి వాటిలో 2 సెకన్లలోపు పని అయిపోతే బారే రాదు. అది బగ్ అనుకోకండి, కావాలనే అలా పెట్టారు.

బ్రాడీపేట_డెవ్:
ఎంబీ పెరుగుతోంది, వదిలేశా. ఇంట్లో లైను ఇంకా అధ్వాన్నం, అక్కడికి ఏదైనా దారి?

కృష్ణలంక:
ముందు --డెప్త్ 1తో (చివరి కమిట్ మాత్రమే) క్లోన్ చెయ్యండి. తర్వాత ‘గిట్ ఫెచ్’కి --డీపెన్ 500 (ఇంకో 500 కమిట్ల పాత చరిత్ర) ఇస్తూ విడతలవారీగా లాగండి. పూర్తయిన విడత మీదగ్గరే ఉంటుంది, లైను తెగితే పోయేది ఆ ఒక్క విడతే. చివర్లో --అన్‌షాలో ఇస్తే మిగిలిన చరిత్రంతా వస్తుంది. కాకపోతే --డెప్త్ ఇస్తే ఒక్క బ్రాంచే వస్తుంది. మిగతావి కనబడట్లేదని తర్వాత వెతుక్కునే బదులు క్లోన్‌లోనే --నో-సింగిల్-బ్రాంచ్ కలపండి.

యార్డు_గేటు:
రిపోలో ఎల్‌ఎఫ్‌ఎస్ (పెద్ద ఫైళ్ళని విడిగా దాచే గిట్ పొడిగింపు) ఉంటే జిఐటి_ఎల్‌ఎఫ్‌ఎస్_స్కిప్_స్మడ్జ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 1 చేసి క్లోన్ కొట్టండి. పెద్ద ఫైళ్ళు తీరిగ్గా ‘గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ పుల్’తో దించుకోవచ్చు.