మారిషస్‌లో ‘రెండో తరగతి’ తుపాను హెచ్చరికను ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న – భీమిలి తీరం

మా చెల్లెలి కుటుంబం ఉద్యోగరీత్యా మారిషస్‌కు వెళ్లి, కాత్ర్ బోర్న్ పట్టణంలో ఒక అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో ఉంటోంది. అక్కడ నవంబరు నుంచి మే నెల మధ్య వరకు తుపానుల కాలమని, హెచ్చరికలను ఒకటి నుంచి నాలుగు వరకు తరగతులుగా ప్రకటిస్తారని చెప్పింది. ఈ మధ్య ఫోన్ చేసి ‘రెండో తరగతి హెచ్చరిక ఇచ్చారు, పిల్లల బడి మూసేశారు’ అంటే, మా అమ్మగారు ‘రెండో నంబరే కదా, దానికే బడి మూసేయాలా’ అని తేలిగ్గా తీసుకున్నారు. మా ఊళ్లో రెండో నంబరు ఎగరేసిన రోజున జనం మామూలుగానే సంతకు వెళ్తారు కాబట్టి, ఆమె మాటలో తప్పేమీ లేదనే ఇంట్లో అందరికీ అనిపించింది.

ఈ తరగతి తుపాను బలాన్ని సూచిస్తుందా? మన నంబర్లతో దాన్ని పోల్చవచ్చా? 2014లో హుద్‌హుద్‌ను కళ్లారా చూసినవాళ్లం కనుక గాలి సంగతి మాకు కొంత తెలుసు. అక్కడి లెక్క మాత్రం బోధపడడం లేదు.

జవాబు 1 – మోకా నివాసి

తరగతికీ తుపాను బలానికీ సంబంధం లేదు. మీ చెల్లెలికి ముందుగా చెప్పవలసిన మాట ఇదే. ఇక్కడి హెచ్చరికలన్నీ ఒకే కొలత చుట్టూ తిరుగుతాయి: గంటకు 120 కిలోమీటర్ల గాలి విసుర్లు దీవిని తాకడానికి ఇంకా ఎంత సమయం ఉంది? ఆ పరిస్థితి రావడానికి 36 నుంచి 48 గంటల ముందు మొదటి తరగతి ప్రకటిస్తారు. జనానికి సాధ్యమైనంత వరకు 12 గంటల పగటి వెలుతురు దొరికేలా రెండో తరగతిని, 6 గంటల పగటి వెలుతురు దొరికేలా మూడో తరగతిని జారీ చేస్తారు. 120 కిలోమీటర్ల విసురు నిజంగా నమోదై, ఇంకా కొనసాగుతుందని తేలినప్పుడు నాలుగో తరగతి వస్తుంది.

ఇందులో ‘పగటి వెలుతురు’ అన్న షరతును గమనించండి. ఉదాహరణకు జనవరిలో, తెల్లవారుజామున నాలుగు గంటలకు విసుర్లు 120 దాటవచ్చని వాకోవాలోని వాతావరణ సేవల కార్యాలయం అంచనా వేసిందనుకుందాం. ఇక్కడ ఆ నెలలో సూర్యాస్తమయం సుమారు ఏడు గంటలకు అవుతుంది. చీకటిలో గడిచే గంటలు లెక్కలోకి రావు కాబట్టి, మూడో తరగతి హెచ్చరిక ముందురోజు మధ్యాహ్నం ఒంటి గంటకే రావాలి, రెండో తరగతి ఆ ఉదయం ఏడింటికే రావాలి. ఆ వేళ ఆకాశం కాస్త మబ్బుగా ఉంటుందే తప్ప చెట్టు కొమ్మ కూడా పెద్దగా ఊగదు. కొత్తగా వచ్చినవారు ‘ఇంత ప్రశాంతంగా ఉంటే ఇంత హడావిడి ఎందుకు’ అనుకునేది సరిగ్గా అప్పుడే. కిటికీలకు చెక్కలు బిగించడం, మిద్దె మీది వదులు సామాను దించడం, నీళ్లు పట్టి ఉంచుకోవడం లాంటి పనులన్నీ వెలుతురులోనే పూర్తి కావాలన్నది ఈ పద్ధతి ఉద్దేశం. మూడో తరగతి రాగానే బస్సులు ఆగిపోతాయి, దుకాణాలు మూసేస్తారు. అప్పుడు కొవ్వొత్తుల కోసం బయలుదేరితే దొరకవు.

మరో తేడా కూడా ఉంది. మన దేశంలో తుపాను తీవ్రతను చెప్పేటప్పుడు నిలకడగా వీచే గాలి వేగాన్నే లెక్కలోకి తీసుకుంటారు. మారిషస్‌లో హెచ్చరికకు ఆధారం క్షణకాలపు విసురు. కాబట్టి రెండు చోట్ల వినిపించే కిలోమీటర్ల అంకెలను పక్కపక్కన పెట్టి, ఇదే పెద్దది అనుకోవడం సరికాదు.

జవాబు 2 – రేవు విశ్రాంత ఉద్యోగి

మీ అమ్మగారు అన్నదానిలో మన లెక్క ప్రకారం తప్పు లేదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం రేవుల్లో ఎగరేసే సంకేతాలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. అవి ప్రధానంగా ఓడల కోసం ఏర్పడినవి. ఒకటి, రెండు నంబర్లు దూర ప్రాంత సూచనలు; తుపాను సముద్రంలో ఎక్కడో ఉందని, రేవు విడిచి వెళ్లే నౌకలు జాగ్రత్తపడాలని వాటి అర్థం. ఎనిమిది నుంచి పది వరకు మహా ప్రమాద సంకేతాలు. పదకొండు వచ్చిందంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయన్నమాట. పత్రికల పుణ్యమా అని ఈ నంబర్లు మన ఇళ్లలోకి వచ్చాయి కానీ, అవి ఇంటివాళ్లకు ఏ పని ఎప్పుడు చేయాలో చెప్పడానికి పుట్టినవి కావు.

మారిషస్ తరగతులు మాత్రం నేరుగా జనం కోసమే ఉన్నాయి. అందుకే మన రెండుకు బడి మూయరు, వాళ్ల రెండుకు మూస్తారు. ఇక పక్కనే, నైరుతి దిక్కున సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న రీయూనియన్ ఫ్రాన్సు పాలనలో ఉన్నందున అక్కడ రంగుల పద్ధతి నడుస్తుంది: పసుపు, నారింజ, ఎరుపు, ఆపై ఊదా. మీ చెల్లెలు ఫోనులో రీయూనియన్ వార్త చూసి తమకూ అదే వర్తిస్తుందనుకోకుండా ఉంటే మంచిది.

భీమిలి తీరం

ఇద్దరికీ కృతజ్ఞతలు. చాలా వరకు స్పష్టమైంది. ఇంకొక సందేహం మిగిలింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన గురించి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. చుట్టూ సముద్రమే ఉన్న చిన్న దీవి కనుక అక్కడ ఆ భయం ఇంకా ఎక్కువగా ఉండాలి కదా? అలాంటప్పుడు నాలుగో అంతస్తు మేలనుకోవాలా?

జవాబు 3 – మోకా నివాసి

విచిత్రంగా, ఉప్పెన విషయంలో దీవికే కొంత మేలు ఉంది. కృష్ణా డెల్టా ముందు సముద్రం చాలా దూరం లోతు లేకుండా ఉంటుంది. తుపాను తోసుకొచ్చే నీటికి అడుగుకు జారిపోయే దారి లేక, అది గోడలా లేచి చదునైన పొలాల మీదికి ఎక్కుతుంది. మారిషస్ అగ్నిపర్వతం నుంచి పుట్టిన దీవి. తీరం దాటగానే అడుగు నిటారుగా లోతుకు దిగిపోతుంది, చుట్టూ చాలా వరకు పగడపు దిబ్బలు అలల బలాన్ని విరుస్తాయి. అందువల్ల దివిసీమ తరహా ఉప్పెన ఇక్కడ రాదు. తీరం వెంబడి పల్లపు ప్రాంతాల్లో నీళ్లు రావడం, రోడ్లు కొట్టుకుపోవడం ఉంటుంది. కాత్ర్ బోర్న్ దీవి లోపలి ఎత్తు ప్రాంతంలో ఉంది కాబట్టి సముద్రం గురించి మీకు బెంగ అవసరం లేదు.

ఇక్కడ అసలు శత్రువు గాలి. 1892 ఏప్రిల్ 29న వచ్చిన తుపానుకు సుమారు 1,200 మంది చనిపోయారు. 1960లో జనవరిలో అలిక్స్, ఫిబ్రవరి ఆఖరున కారోల్ వరుసగా వచ్చాయి. కారోల్ విసురు గంటకు 256 కిలోమీటర్లు నమోదైంది. చెరకు పంట సగానికి పైగా పోయింది, రేకులతోనూ గడ్డితోనూ కప్పిన ఇళ్లు వేల సంఖ్యలో నేలకూలాయి. ఇవాళ మీ చెల్లెలు చూసే కాంక్రీటు మిద్దెలన్నీ ఒక రకంగా కారోల్ కట్టించినవే. ఆ తర్వాతనే ప్రభుత్వం గృహనిర్మాణ సంస్థను పెట్టి కాలనీలు కట్టింది, జనం కూడా అప్పు చేసైనా పక్కా ఇల్లు కట్టుకోవడం మొదలుపెట్టారు. 1975 ఫిబ్రవరిలో జెర్వేజ్ 280 కిలోమీటర్ల విసురుతో వచ్చినా, ప్రాణనష్టం 1892తో పోల్చలేనంత తగ్గింది.

నాలుగో అంతస్తు సంగతికి వస్తే, పైకి వెళ్లే కొద్దీ గాలి పెరుగుతుంది కనుక అది మేలేమీ కాదు. గాజు తలుపులున్న బాల్కనీ గది కాకుండా, నాలుగు వైపులా గోడలున్న లోపలి గదిని ముందే ఎంచుకోమనండి.

జవాబు 4 – పోర్ట్ లూయీలో తెలుగువాడు

పై జవాబులతో ఏకీభవిస్తూనే, ఒక చోట మాత్రం గట్టిగా విభేదిస్తున్నాను. ‘అసలు శత్రువు గాలి’ అన్న మాట 1960కి సరిపోతుంది కానీ, ఇప్పటి రాజధానికి సరిపోదు. తరగతులు గాలి విసురును మాత్రమే కొలుస్తాయి, వానను కొలవవు. 2024 జనవరి 15న బెలాల్ తుపాను దీవికి దగ్గరగా వచ్చినప్పుడు, ఉదయం ఉద్యోగాలకు వెళ్లినవారు పోర్ట్ లూయీ వీధుల్లో వరదకు చిక్కుకున్నారు. కార్లు నీటిలో తేలి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. హెచ్చరికలు ఆలస్యమయ్యాయన్న విమర్శలు వచ్చాయి, వాతావరణ సేవల అధిపతి పదవి నుంచి తప్పుకున్నారు. అంతకు ముందు 2013 మార్చి 30న తుపాను అన్నదే లేకుండా, కొద్ది గంటల కుండపోతకే ఈ నగరంలో 11 మంది మరణించారు. కొందరు నేల కింది దారిలో, కొందరు నేల కింది పార్కింగులో నీళ్లు ముంచెత్తి చనిపోయారు. కొండల పాదాన, చదును చేసి సిమెంటు పరిచిన నగరం ఇది. కొండ మీద పడిన వాన నిమిషాల్లో కిందికి దిగుతుంది.

కాబట్టి మీ బావగారు రాజధానిలో పని చేస్తుంటే, రెండో తరగతి అని వినగానే సాయంత్రం దాకా ఆఫీసులో కూర్చోవద్దని చెప్పండి. కారును నేల కింది పార్కింగులో వదలవద్దనీ చెప్పండి.

జవాబు 5 – రేవు విశ్రాంత ఉద్యోగి

కిటికీల గురించి ఒక మాట చేర్చాలి. మన బంగాళాఖాతంలో తుపాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న మారిషస్‌లో ముల్లు తిరిగే దిశలోనే తిరుగుతాయి. అక్కడికి తుపానులు చాలా వరకు ఈశాన్యం నుంచి దిగి వస్తాయి. అందువల్ల మొదటి దెబ్బ ఆగ్నేయం వైపు కిటికీలకు తగులుతుంది. తుపాను కన్ను సరిగ్గా దీవి మీదుగా వెళ్తే, ఉన్నట్టుండి గాలి ఆగి ఎండ కూడా రావచ్చు. నాలుగో తరగతి ఎత్తేసినట్టు ప్రకటన రానంత వరకు ఎవరూ తలుపు తీయకూడదు, ఎందుకంటే కన్ను దాటిన వెంటనే గాలి వాయవ్యం నుంచి తిరగబడుతుంది. అంతవరకు చాటున ఉన్న కిటికీలే అప్పుడు ఎదురవుతాయి. కాబట్టి చెక్కలు, అడ్డాలు రెండు వైపులా బిగించుకోమనండి. ఆమె ఫ్లాటులో ఆ రెండు దిక్కులకూ తెరుచుకునే కిటికీలు ఏవేవో ఇప్పుడే అడిగి తెలుసుకోండి.