భారత మహిళల హాకీ కోచ్‌గా మరీన్‌ని మళ్లీ తేవడం సబబేనా? లోపం కోచ్‌లదా, హాకీ ఇండియా ఆఫీసుదా?

ఎడమ వింగర్:
2025 డిసెంబర్ మొదట్లో మహిళల జట్టు కోచ్ హరేంద్ర సింగ్ రాజీనామా. 2026 జనవరి మొదట్లో షోర్డ్ మరీన్ పేరు ప్రకటన. మార్చి రెండో వారంలో హైదరాబాద్‌లో మహిళల ప్రపంచకప్ క్వాలిఫయర్. కొత్త కోచ్ చేతిలో ఉన్నది రెండు నెలలే. ఇంత తక్కువ వ్యవధిలో మరీన్ కంటే మంచి ఎంపిక లేదంటాను. టోక్యో ఒలింపిక్స్‌లో మన అమ్మాయిలు మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడి (నెదర్లాండ్స్ 1-5, జర్మనీ 0-2, బ్రిటన్ 1-4), ఆ తర్వాత క్వార్టర్స్‌లో ఆస్ట్రేలియాని 1-0తో ఇంటికి పంపింది ఈయన హయాంలోనే. అప్పటి ఫిట్‌నెస్ నిపుణుడు వేన్ లొంబార్డ్ కూడా వెనక్కి వస్తున్నాడు. అనలిటికల్ కోచ్‌గా అర్జెంటీనా మాజీ మిడ్‌ఫీల్డర్ మటియాస్ విలా. అభ్యంతరాలుంటే చెప్పండి.

రివర్స్ హిట్:
అభ్యంతరం మరీన్ మీద కాదు బ్రో, పిలిచిన వాళ్ల మీద. ఇదే ఆఫీసు 2017 సెప్టెంబర్‌లో పురుషుల కోచ్ ఓల్ట్‌మన్స్‌ని తీసేసి, మహిళల కోచ్‌గా ఏడాదైనా నిండని మరీన్‌ని పురుషుల జట్టుకి ఎత్తింది. మహిళల జట్టు హరేంద్రకి. ఆయన నవంబర్‌లో ఆసియా కప్ గెలిపించాడు. 2018 మేలో, కామన్వెల్త్‌లో పురుషులకి పతకం రాలేదని, ఇద్దర్నీ తిరగమార్చారు. సొంతగడ్డ మీద పురుషుల ప్రపంచకప్ క్వార్టర్స్‌లో నెదర్లాండ్స్‌తో 1-2తో ఓడగానే 2019 జనవరిలో హరేంద్ర ఔట్. తర్వాత ఆయన్నే మహిళల జట్టుకి తిరిగి తెచ్చారు, ఇప్పుడు ఆయన స్థానంలో మళ్లీ మరీన్. దీన్ని ప్రణాళిక అంటారా, కుర్చీలాట అంటారా?

మాజీ పీఈటీ:
కుర్చీల సంగతి పక్కన పెడదాం. 2024 జనవరి, రాంచీ ఒలింపిక్ క్వాలిఫయర్. మొదటి మూడు జట్లకి పారిస్ బెర్తు. సెమీస్‌లో జర్మనీతో 2-2, షూటౌట్‌లో 3-4. మూడో స్థానం మ్యాచ్‌లో జపాన్‌తో 0-1. పెనాల్టీ కార్నర్లు (పీసీలు) వచ్చాయి, గోల్ రాలేదు. పారిస్ పోయింది అక్కడే.

పీసీ ఎందుకు పాడవుతుందో కాస్త వివరంగా చెప్తాను. గోల్‌పోస్ట్ నుంచి 10 మీటర్ల దూరంలో బ్యాక్‌లైన్ మీద బంతి పెట్టి పుష్ చేస్తారు. అది గోల్ ముందున్న సర్కిల్ దాటాకే షాట్ కొట్టాలి. పుష్ నుంచి షాట్ దాకా రెండు సెకన్లు కూడా పట్టదు. అవతల గోలీతో కలిపి ఐదుగురు. పుష్ కాస్త ఎగిరినా, స్టాపర్ బంతిని అనుకున్న చోటికి జానెడు ఇవతల ఆపినా బంతిని కర్రతో గోల్‌లోకి విసిరే ఫ్లిక్కర్ అడుగులు తప్పుతాయి. అడుగు తప్పితే ఫ్లిక్‌కి ఎత్తు రాదు. ఈలోపు ముందుగా దూసుకొచ్చే డిఫెండర్ (ఫస్ట్ రషర్) మీదకొచ్చేస్తుంది. తిట్లు మాత్రం ఫ్లిక్కర్‌కే! హిట్ కొడితే 46 సెంటీమీటర్లకి మించి లేవకూడదు, ఫ్లిక్‌కి ఆ హద్దు లేదు. అందుకే అందరూ దాని చుట్టూ తిరుగుతారు. కానీ ఎప్పుడూ అదే చేస్తే రషర్ కళ్లు మూసుకుని అదే లైన్‌లో పరిగెడుతుంది. పుష్ చేసిన అమ్మాయికే తిరిగి బంతి ఇచ్చి పోస్ట్ దగ్గర డిఫ్లెక్ట్ చేయించడం లాంటి రెండు మూడు వేరియేషన్లుంటే ఆ రషర్ ఒక్క క్షణం ఆలోచిస్తుంది. ఆ క్షణం చాలు.

పుషర్, స్టాపర్, ఫ్లిక్కర్... ఈ ముగ్గురినీ మార్చకుండా రోజూ కలిపి ఆడించాలి. రెండు నెలల్లో కచ్చితంగా చక్కబడేది ఇదే. కోచ్ ఎవరైనా సరే.

గ్యాలరీ గోపాలం:
మాస్టారూ, పీసీ ఒక్కటీ చక్కబడితే సరిపోతుందా? 2025 ఆసియా కప్ ఫైనల్ చూడండి. చైనా మీద మొదటి నిమిషంలోనే పీసీతో నవనీత్ గోల్ కొట్టింది. చివరికి 1-4. చైనా నాలుగింట్లో మూడు విరామం తర్వాత వచ్చినవే. గెలిస్తే నేరుగా ప్రపంచకప్‌కి వెళ్లేవాళ్లం, ఈ హైదరాబాద్ క్వాలిఫయరే ఉండేది కాదు. ఇది కాళ్లలో దమ్ము సమస్య. లొంబార్డ్ నియామకం మరీన్ కంటే ముఖ్యమని నా అభిప్రాయం.

మాజీ పీఈటీ:
సగం ఒప్పుకుంటాను. కానీ దమ్ము రెండు నెలల్లో పూర్తిగా రాదు. తొందరపడి పరుగులు పెంచితే తొడ కండరాలు పట్టేసి క్వాలిఫయర్‌కి ముందే ఇద్దరు ముగ్గురు మంచమెక్కుతారు. పైగా మన వాళ్లు అలిసిపోయేది ఎక్కువగా పరిగెత్తి కాదు, ఊరికే బంతి పోగొట్టుకుని వెనక్కి పరిగెత్తి. మిడ్‌ఫీల్డ్‌లో బంతి నిలిస్తే సగం దమ్ము మిగులుతుంది.

ఎడమ వింగర్:
రివర్స్ హిట్ గారూ, మీ కుర్చీలాట మాట కాదనను. కానీ ఆఫీసు సరిగ్గా పనిచేసిన సందర్భమూ ఉంది. 2015 జులైలో పురుషుల కోచ్ పాల్ వాన్ ఆస్‌ని ఆరు నెలలకే సాగనంపినప్పుడు జట్టు చెదరలేదు. కారణం, హై పెర్ఫార్మెన్స్ డైరెక్టర్‌గా ఓల్ట్‌మన్స్ అప్పటికే లోపల ఉన్నాడు. జట్టు పగ్గాలు ఆయనే అందుకున్నాడు. అదే ఏడాది రాయ్‌పూర్‌లో వరల్డ్ లీగ్ ఫైనల్ కాంస్యం, 2016లో చాంపియన్స్ ట్రోఫీ రజతం. కోచ్ పోయినా పని పోలేదు.

రివర్స్ హిట్:
నా వాదనకి మీరే సాక్ష్యం పలికారు, ధన్యవాదాలు 🙂 మహిళల జట్టుకి జరిగింది సరిగ్గా దీనికి తలకిందులు. మరీన్ దగ్గర అనలిటికల్ కోచ్‌గా ఉన్న షోప్‌మన్‌కి 2021లో పగ్గాలిచ్చారు. అక్కడిదాకా భేష్. ఆమె కామన్వెల్త్ కాంస్యం, నేషన్స్ కప్ తెచ్చింది. పారిస్ బెర్తు పోగానే, తనకి గౌరవం దక్కట్లేదని బహిరంగంగా చెప్పి 2024 ఫిబ్రవరిలో వెళ్లిపోయింది. అదే నెలలో సీఈఓ ఎలెనా నార్మన్ కూడా. తర్వాత మళ్లీ హరేంద్ర వచ్చాడు, ఏషియన్ చాంపియన్స్ ట్రోఫీ గెలిపించాడు, ఆ వెంటనే ప్రో లీగ్‌లో ఆఖరి స్థానం, కింది అంచెకి జారుడు. వచ్చిన ప్రతి కోచ్ కొత్త ప్రెస్ (ప్రత్యర్థిని ఒత్తిడి చేసే పద్ధతి), కొత్త పీసీ కోడ్‌లు, కొత్త ఫిట్‌నెస్ లెక్కతో మొదలెడితే అమ్మాయిలు ఎన్నిసార్లు అ ఆలు దిద్దాలి? మ్యాచ్ వీడియోలు, జీపీఎస్ లెక్కలు, పీసీ కోడ్‌లు కోచ్ ల్యాప్‌టాప్‌లో కాదు, ఆఫీసు బీరువాలో ఉండాలి.

గ్యాలరీ గోపాలం:
బీరువా తాళం ఎవరి దగ్గరుంటుందన్నదే కదా పేచీ!

మాజీ పీఈటీ:
క్యాలెండర్ కూడా చూడండి. క్వాలిఫయర్ దాటితే ఆగస్టు 15 నుంచి 30 దాకా నెదర్లాండ్స్, బెల్జియంలో ప్రపంచకప్. సెప్టెంబర్ 19న నగోయాలో ఆసియా క్రీడలు మొదలు. అక్కడ స్వర్ణం గెలిస్తే లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌కి నేరుగా బెర్తు. మధ్యలో విశ్రాంతికి మూడు వారాలే. ఒకే పద్ధెనిమిది మందిని రెండు చోట్లా ఈడ్చుకెళ్తే నగోయాలో చైనా ముందు చతికిలపడతాం. ప్రపంచకప్‌లో ఎవరిని ఆపుకోవాలో ఆఫీసు ఇప్పుడే కోచ్‌తో కూర్చుని రాసుకోవాలి. ప్రపంచకప్‌లో ఫలితం తేడా కొడితే ఆగస్టు 31న కోచ్‌ని మార్చబోమని కూడా ఆ కాగితంలోనే రాయాలి.

రివర్స్ హిట్:
ఆ ఆఖరి వాక్యం రాసిస్తే మరీన్ విషయంలో నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటా. రాయరు.

ఎడమ వింగర్:
ముందు హైదరాబాద్ గట్టెక్కనివ్వండి. తొలి మ్యాచ్‌లో పుష్ ఎవరు చేస్తున్నారో, స్టాపర్ ఎవరో రాసి పెట్టుకోండి. రెండో మ్యాచ్‌కి ఆ జోడీ మారితే మళ్లీ ఇక్కడే మాట్లాడుకుందాం.