పామరేనియన్ కుక్కపిల్లకి జంట కోరపళ్లు: పాలపన్ను పీకించాలా, ఆగాలా?

ప్రశ్న:
మగ పామరేనియన్, ఆరున్నర నెలలు. ముందు పళ్లన్నీ మారిపోయాయి. కోరపళ్ల దగ్గరే తేడా: పైన రెండు వైపులా, కింద కుడి వైపు పాతది ఊడకుండానే పక్కన కొత్తది వచ్చేసింది. పాతది కదలడం కూడా లేదు. తిండి మామూలుగానే తింటోంది. గట్టి ఎముక నమిలిస్తే ఊడిపోతుందని కొందరంటున్నారు. ఇంకెన్నాళ్లు చూడొచ్చు?

జవాబు 1:
ఇక చూడక్కర్లేదండీ. ఒక స్థానంలో పాతదీ కొత్తదీ కలిసి ఉండకూడదు, అంతే లెక్క. వేరు కరిగితేనే పాలపన్ను ఊడుతుంది. కొత్తది బయటపడ్డాక కూడా పాతది బిగువుగా ఉందంటే వేరు కరగలేదన్నమాట. ఏడు నెలలకల్లా 42 శాశ్వత పళ్లూ వచ్చేయాలి. చిన్న జాతుల్లో ఈ తంటా ఎక్కువ.

మీ కుక్కపిల్లకి తొందర కింది పన్నుతోనే. కింద కొత్త కోరపన్ను పాతదానికి లోపల, నాలుక వైపు మొలుస్తుంది. పాతది అడ్డుగా ఉంటే బయటికి వాలలేక నిటారుగా లేచి, నోరు మూసినప్పుడల్లా అంగిట్లో గుచ్చుకుంటుంది. వదిలేస్తే అంగిలికి చిల్లు పడి ముక్కులోకి దారి ఏర్పడొచ్చు. పైన కొత్తది పాతదానికి ముందు వస్తుంది. అది మరీ ముందుకు జరిగితే కింది కోరపన్ను ఇమిడే సందు మూసుకుపోతుంది. నోరు మూసి ఉంచి, పెదవి ఎత్తి చూడండి. తర్వాత నోరు తెరిచి అంగిట్లో గుంటగానీ ఎర్ర మచ్చగానీ ఉందేమో చూడండి.

జవాబు 2:
ఎముక మాట మర్చిపోండి. దానికి పాలపన్ను విరుగుతుంది తప్ప ఊడదు. విరిగితే లోపలి నరం బయటపడి చీము పడుతుంది. పట్టకారుతో లాగడం ఇంకా ప్రమాదం. పాల కోరపన్ను వేరు బయటికి కనిపించే భాగం కంటే చాలా పొడుగు, సన్నం, పైగా వంపు. అది లోపల విరిగితే వెతికి తీయాలి.

పూర్తి మత్తులో, గొంతులో గొట్టం వేసి, పళ్ల ఎక్స్-రే తీసి చేసే వెట్ (పశువైద్యుడి) దగ్గరికే వెళ్లండి. పీకాక ఇంకో ఎక్స్-రే తీసి వేరు మొత్తం వచ్చిందో లేదో చూస్తారా అని ముందే అడగండి. ఇంత చిన్న పిల్లని రాత్రంతా పస్తు ఉంచితే షుగర్ పడిపోతుంది. ఎన్ని గంటల ముందు తిండి ఆపాలో వాళ్లనే అడగండి.

ప్రశ్న అడిగినవారు:
వచ్చే నెల న్యూటరింగ్ (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్) ఉంది. రెండూ ఒకేసారి చేయించొచ్చా?

జవాబు 1:
ఒకే మత్తులో రెండూ అయిపోతే మంచిదే. కానీ పళ్లని ఆపకండి, న్యూటరింగే ఇంకా ముందుగా చేయమనండి. కొత్త పళ్లు చోటు సర్దుకునే వయసు ఇదే.

జవాబు 3:
తర్వాత పది రోజులు మెత్తటి తిండి. తాడు లాగే ఆటలు బంద్. కుట్లు వాటంతటవే కరుగుతాయి. నొప్పికి మనుషుల పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ పొరపాటున కూడా వేయొద్దు. రెండు మూడు వారాలకి మళ్లీ చూపించండి. కింది పన్ను అప్పటికీ లోపలికే ఉంటే, దాన్ని బయటికి తోసే సైజు రబ్బరు బంతి నమిలించే పద్ధతి ఒకటుంది. ఏ సైజో వెట్ కొలిచి చెప్పాలి.